అక్షరాల మీద చెయ్యి

మా సారు పోయారన్న వార్త నాకు ఒక పూలగుచ్ఛం బొమ్మతో వచ్చింది. ఉదయం సింగపూరు జురాంగ్ వెస్ట్‌లో బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఇక్కడి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో, పెళ్ళిరోజులకూ పుట్టినరోజులకూ పెట్టే పూలగుచ్ఛాన్నే పెట్టి, దాని కింద "హీబ్రూలో మహాపండితులు, మన సంఘానికి పెద్దదిక్కు, ఇక లేరు" అని రాశారు. రాసిందెవరో చూశాక ఒళ్ళు మండింది. కింద వరుసగా చేతులు జోడించిన బొమ్మలు. ఆ చేతుల్లో సగం, సారు ఎదురొస్తే గబగబా లిఫ్టు బటన్ నొక్కి తలుపు మూసేసినవే. ఆయన్ను పిచ్చి ముసలాయన అని నా మొహం మీదే అన్నవాళ్ళు కూడా దండం పెట్టారు. ఏడుపు రావలసిన చోట నాకు కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పటికి కూడా తగ్గలేదు.

పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు రాయమంటారు. ఆయన శాంతమూర్తి అనీ, చిరునవ్వు చెరగని మనిషి అనీ మొదలుపెడితే ఆయనే లేచివచ్చి ఎర్ర పెన్నుతో కొట్టేస్తారు. మా సారు శాంతమూర్తి కాదు. నోటిదురుసు మనిషి. నాకు తెలిసిన ఇన్నేళ్ళలో నన్ను ఒక్కసారి కూడా బాగుందమ్మా అని మెచ్చుకోలేదు. బాగాలేదని మాత్రం కాఫీ చల్లారేలోపే చెప్పేవారు. నేనూ తక్కువ తినలేదు. ఆయన దగ్గర నేర్చుకున్నదంతా ఆయనతో పోట్లాడుతూ నేర్చుకున్నాను.

ఆయనది తెనాలి వైపు. తండ్రి ఊళ్ళు తిరిగి సువార్త చెప్పే పాస్టరు. చిన్నప్పుడు ఒక ఆదివారం, "నాన్నా, ఇందులో ఉన్నది నిజంగా వాళ్ళు అన్న మాటేనా, మనవాళ్ళు మార్చి రాసుకున్నారా" అని అడిగితే తండ్రి చెంప పగలగొట్టారట. ఆ దెబ్బ కోసమే హీబ్రూ నేర్చుకున్నానని చెప్పేవారు. నేర్చుకోవడం మొదలుపెట్టాక మాటల కంటే ఆ మాటలు రాసిన తోళ్ళ మీద మనసు పోయింది. యూదుల పాత రాతలు చాలావరకు జంతువుల తోలు మీదే ఉంటాయి. కొన్ని గుహల్లో దొరికాయి, కొన్ని పాత ప్రార్థన మందిరాల అటకల మీద. ముక్కలుముక్కలై లోకమంతా చెదిరిపోయాయి. ఫలానా ముక్క ఏ కాలానిది, ఏ చేతి రాత, ఎక్కడో ఉన్న ఏ ముక్కకు అతుకుతుంది, అది చెప్పడం ఆయన పని.

తెలుగువాడివి, సింగపూరులో కూర్చుని యూదుల తోళ్ళతో నీకేం పని అని జనం అడుగుతుండేవారు. ఒకసారి నా ముందే ఒక ఐటీ కుర్రాడు అడిగాడు. "నువ్వు రాసే ప్రోగ్రాము చివరికి ఎవరికి పోతుందో తెలుసా నీకు? తెలీదు కదా. నా పని ఎవరిదో నాకు తెలుసు," అన్నారు సారు. ఆ కుర్రాడు మళ్ళీ ఆ ఇంటికి రాలేదు. అలా రాకుండా పోయినవాళ్ళు చాలామంది.

ఇక ఆ పూలగుచ్ఛం పెట్టినాయన సంగతి. ఇక్కడ ఆయన్ను దాత అంటాను. సంఘంలో అందరూ అలాగే అంటారు, ఆయనకూ ఆ పిలుపు ఇష్టమే. తంజోంగ్ పగార్‌లో పెద్ద ఆఫీసు. అందులో ఒక భాగం ఖాళీ చేయించి పాత రాతప్రతుల అధ్యయన కేంద్రం అని బోర్డు పెట్టి, సారును తెచ్చి కూర్చోబెట్టాడు. కొన్నేళ్ళు బాగానే సాగింది. బాగ్దాదు వైపు నుంచి ఎప్పుడో ఇక్కడికి వచ్చి స్థిరపడిన యూదు కుటుంబాల ప్రార్థన పుస్తకాల ఆకులు, పెళ్ళి ఒప్పందాలు, అవన్నీ సారు శుభ్రం చేసి, చదివి, పట్టిక రాసేవారు. ఆ పనికి పేపర్లో ఫోటో రాదు. దాతకు ఫోటో కావలసి వచ్చింది. విదేశంలో ఎవరో వర్తకుడి దగ్గర అరచేతి వెడల్పు తోలుముక్క ఒకటి కొనుక్కొచ్చాడు. ఒక ప్రవక్త మాటలు కొన్ని పంక్తులు, రెండువేల ఏళ్ళనాటివని వర్తకుడు చెప్పాడు. సారు చూడకముందే ఆహ్వాన కార్డులు అచ్చయ్యాయి, అతిథులను పిలవడమూ అయిపోయింది.

సారు చూశారు. తోలు పాతదే, రాత కొత్తది, ఎవరో పాత ఖాళీ తోలు సంపాదించి దాని మీద ఈ మధ్య రాశారు అన్నారు. దాత చాలా మర్యాదగా, ఇంకా పరిశోధన జరుగుతోందని ఒక్క మాట అనండి చాలు, అబద్ధమేమీ కాదు కదా అని బతిమాలాడట. "నా పరిశోధన అయిపోయింది" అన్నారు సారు. ప్రదర్శన ప్రారంభం రోజున ఒక అతిథి మర్యాదకు అడిగితే, ఆయనకు కూడా అదే చెప్పారు, అందరూ వింటుండగా. మర్నాడు ఉదయం సారు కార్డుకు ఆఫీసు తలుపు తెరుచుకోలేదు.

తర్వాత మనవాళ్ళు చేసింది నాకు గుర్తుంది. మర్చిపోయామని అనేవాళ్ళ కోసం రాస్తున్నాను. ఉగాది పిలుపుల్లో ఆయన పేరు పోయింది. అసూయ అన్నారు. పాస్టరు కొడుకై ఉండి దేవుడి మాటను దొంగ అన్నాడన్నారు కొందరు. పాస్టరు కొడుకు కాబట్టే అన్నాడన్నారు ఇంకొందరు. ఆ తోలుముక్కను మాత్రం ఎవరూ తేరిపార చూడలేదు.

నేను వాళ్ళింటికి మొదటిసారి వెళ్ళింది ఆ గొడవ నడుస్తుండగానే, అదీ శిష్యురాలిగా కాదు. మా ల్యాబులో పాత వస్తువులను రకరకాల వెలుతురులో ఫోటో తీస్తాం. కంటికి ఆనని సిరా కూడా వాటిలో పైకి తేలుతుంది. దాత మాతో ఆ ముక్కకు ఫోటోలు తీయించాడు. అద్భుతంగా వచ్చాయి. తెలుగామె కదా, మీరే తీసుకెళ్ళి ఆయనకు చూపించండి, మనసు మార్చుకుంటారని నన్ను పంపించాడు. నేనూ నమ్మకంగానే వెళ్ళాను. బుకిట్ పంజాంగ్‌లో ఎల్‌ఆర్‌టీ రైలు దిగి ఆ ఫ్లాటు వెతుక్కుని తలుపు కొడితే ఆంటీ తీశారు. ఆంటీ అంటే సారు భార్య. చల్లటి మనిషి. ఆ ఇంట్లో నాకు కాఫీ దొరికిందంటే ఆమె వల్లే.

ఫోటో బల్ల మీద పరిచి, ఇదిగో సార్, ఒక్కో అక్షరం ఎంత స్పష్టంగా ఉందో అని మొదలుపెట్టాను. సారు ఎడమచెయ్యి తెచ్చి ఫోటో మీద పెట్టేశారు. అక్షరాలన్నీ కప్పేశారు. కుడిచేతిలో భూతద్దం ఉంటుంది కాబట్టి ఆయనది ఎప్పుడూ ఎడమచెయ్యే. హీబ్రూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, పంక్తులు ఎడమవైపు ముగుస్తాయి. ఆ ముక్క చిరిగింది కూడా ఆ వైపే. అరచెయ్యి రాత మీద ఉంచి, చూపుడువేలు మాత్రం చాచి చిరుగు పొడవునా ఆనించారు. చిరుగు వంపు తిరిగిన చోట వేలు కూడా వంచారు.

"చదవకు. ముందు చూడు. చదవడం మొదలెట్టావంటే నీకు దేవుడు కనపడతాడు, తోలు కనపడదు."

నాకు ఆ భాషే రాదు సార్, చదవడమెక్కడిది అన్నాను. "మరీ మంచిది. కళ్ళున్నాయిగా? వాటిని వాడ్డానికేం రోగం?" అన్నారు. వరంగల్లు దాన్ని, ఊరుకుంటానా? "గట్లెట్లంటరు సార్? తోలు పాతదని మా మెషినే చెప్తున్నది," అన్నాను. "తోలు పాతదని నేనూ చెప్పాను. నీ మెషిను కంటే ముందే చెప్పాను," అన్నారు. అక్కడితో మొదటి పాఠం అయింది. నేను ఫోటోల సంచీ తీసుకుని విసురుగా వచ్చేశాను.

వచ్చేశాను కానీ ఆ వేలు మాత్రం కళ్ళముందే ఉండిపోయింది. ల్యాబులో మళ్ళీ ఆ ఫోటో తెరిచి చేత్తో అక్షరాలు కప్పి చూశాను. ఏమీ అర్థం కాలేదు. శనివారం మళ్ళీ బయల్దేరాను, పోట్లాడటానికే.

ఆంటీ ఆ రోజు ఎక్కడో అరిటాకులు దొరికాయని భోజనానికి ఆకులు వేశారు. నా ఆకుకు ఒక పక్క చీలిక ఉంది. ఆంటీ పప్పు తెచ్చి, చీలికకు దూరంగా, ఇవతలికి జరిపి వడ్డించారు. సారు ముద్ద కలుపుతూ నా ఆకు చూపించారు. "ఆకు ముందే చిరిగి ఉంటే వడ్డించేవాళ్ళు చూసుకుని ఇవతలికి వడ్డిస్తారు. వడ్డించాక చిరిగిందనుకో, పప్పు అందులోంచి కిందికి పోద్ది. ఇప్పుడు నీ బొమ్మలో చూసి చెప్పు. చిరుగు ముందా, అక్షరం ముందా?"

చేతులు కడుక్కోకుండానే ఫోటో చూశాను. అక్షరాలు కప్పి చిరుగు దారి చూసి, తర్వాత చెయ్యి తీశాను. మూడో పంక్తి చివర నిటారుగా దిగాల్సిన అక్షరం కాలు, చిరుగు దగ్గరికి వచ్చేసరికి పక్కకు ఒరిగింది. దాని కింద పంక్తిలో చివరి అక్షరం ఇరుక్కుని చిన్నదైపోయింది. రెండువేల ఏళ్ళ కిందట రాసేవాడికి ఈ తోలు ఏనాటికి ఎక్కడ చిరుగుతుందో ఎలా తెలుస్తుంది? అక్షరం చిరుగును చూసి తప్పుకుందంటే, రాసేటప్పటికే చిరుగు ఉంది. దొంగరాత రాసేవాడు అక్కడే దొరికిపోతాడు. సగం అక్షరం రాసి ఆపెయ్యడం అతని చేతకాదు. సగం అక్షరమే ఉంటే మాట చదవడానికి రాదని భయపడి అక్షరాన్ని పూర్తిచేసి తీరతాడు.

నేను అంత తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు. తోలు ఒలిచేటప్పుడే కత్తి తగిలి రంధ్రం పడొచ్చు కదా, నిజమైన లేఖకుడు కూడా దాన్ని తప్పించే రాస్తాడు కదా అని అడిగాను. సారు ముద్ద ఆపి నావైపు చూశారు. నేనొక మనిషినని ఆయన గుర్తించింది అప్పుడే అనుకుంటాను. తోలు పచ్చిగా ఉన్నప్పుడు పడిన చిల్లు, సాగదీసి ఎండబెట్టాక గుండ్రంగా, అంచు మందంగా అవుతుందనీ, ఎండి ముసలిదైన తోలు చిరిగితే పోగులు బయటికి వస్తాయనీ చెప్పారు. ఈ చిరుగు ఏ రకమో నేను చెప్పను, నువ్వే చూసుకో అన్నారు. చూసుకున్నాను. పోగులు స్పష్టంగా కనపడుతున్నాయి. నా ఫోటోలోనే.

ఆ సంగతంతా రిపోర్టులో రాశాను. తోలు పాతది, సిరా పాతకాలపు సిరాలాగే బొగ్గుతో చేసినది, కానీ చిరుగు తర్వాతే అక్షరాలు రాసినట్టు కనపడుతోంది అని. ఆ తోలు గురించి దాత అచ్చేయించిన పుస్తకంలో మొదటి రెండు మాటలే ఉన్నాయి. "కానీ" దగ్గర నుంచి ఎగరగొట్టేశారు. ఫోన్ చేసి అడిగాను. మామూలు జనం కన్ఫ్యూజ్ అవుతారమ్మా అన్నాడు. మా పై అధికారితో అభ్యంతరం రాయించాను. దానికి జవాబు రాలేదు. ఆ ముక్క మాత్రం గాజుపెట్టెలోకి వెళ్ళింది.

సారు అది విని నవ్వారు. అదొక్కటే నాకు తెలిసిన ఆయన నవ్వు, అదీ విరుపు నవ్వు. "నీ రిపోర్టును కూడా చించారన్నమాట. చిరుగు ఎక్కడుందో గుర్తుపెట్టుకో," అన్నారు.

అప్పటి నుంచి శనివారాలు ఆయనవి. హీబ్రూ అక్షరాలు చాలా ఆలస్యంగా నేర్పారు. ముందు తోలు, తర్వాత గీతలు, తర్వాత సిరా, అన్నిటికంటే చివర మాట. లేఖకులు తోలు మీద సిరా లేకుండా మొనతో గీతలు నొక్కి, వాటికి అక్షరాలను వేలాడదీసినట్టు రాస్తారు. మనం గీత మీద నిలబెడతాం, వాళ్ళు గీత కింద వేలాడదీస్తారు. అది తెలిసిన రోజు నాకెంత సంతోషం వేసిందో చెబితే మా ఆఫీసువాళ్ళు నవ్వారు. సారు మాత్రం ఇంత చిన్న సంగతి పట్టుకోవడానికి ఇన్ని వారాలా అన్నారు.

ఆ చెయ్యి పెట్టే అలవాటు ఆయనకు తోళ్ళతో ఆగలేదు. పెళ్ళికార్డు వస్తే పేర్లు కప్పి కాగితం చూసేవారు. హాకర్ సెంటర్‌లో, అంటే ఇక్కడి చవక తిండి కొట్ల దగ్గర, గోడ మీద రేట్ల బోర్డుకు దూరం నుంచే అరచెయ్యి అడ్డం పెట్టి, పాత ధర మీద కొత్తది ఎక్కడ అతికించారో చెప్పేవారు. మా అమ్మాయి ఇంగ్లీషు మార్కుల కాగితం చూపిస్తే మార్కులు కప్పి, పెన్ను ఎక్కడ ఎక్కువ నొక్కిందో చూసి, ఈ ప్రశ్న దగ్గర భయపడ్డావు కదా అన్నారు. నిజమే. ఇంటికి వస్తూ ఎల్‌ఆర్‌టీలో అది, "అంకుల్ ఊరికే స్కోల్డ్ చేస్తారు, బట్ హి కెన్ సీ లా" అంది, ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో. ఎవరైనా ఆయనకు ఇచ్చిన అన్ని బిరుదుల్లో నాకు అదొక్కటే నచ్చింది.

విచిత్రమేమిటంటే ఆంటీ మాత్రం ఆ తోళ్ళ వంక ఎన్నడూ చూడలేదు. ఫోటో బల్ల మీద ఉంటే దాని పక్కన కాఫీ పెట్టి వెళ్ళిపోయేవారు. ఒకసారి అడిగాను, ఇంత జరిగింది కదా, అసలు ఆ చిరుగు ఏంటో చూడాలనిపించలేదా అని. "ఆయన చెప్పారు, నేను నమ్మాను. మళ్ళీ చూడ్డమెందుకు?" అన్నారు. ఆ నమ్మకంతోనే ఆమె ఉద్యోగం పోయిన ఇంటిని నడిపారు. పేరంటాలకు పిలుపులు రాని పండగలు గడిపారు. చుట్టాలు ఫోన్‌లో, ఆ ఒక్క మాట అనేస్తే ఏం పోయేదని దెప్పుతుంటే విన్నారు. సారును పొగిడేవాళ్ళెవరూ ఆమె ఊసెత్తరు. అందుకని నేనెత్తుతున్నాను.

మొన్నటి వానల్లో సారుకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట కూడా పోయింది. అంత నోరున్న మనిషికి నోరే పోవడం చూస్తే, ఆ దేవుడికి సారు మీద పాత కక్ష ఏదో ఉన్నట్టనిపించింది. నేను వెళ్ళినప్పుడల్లా కళ్ళతోనే తిట్టేవారు. తర్వాత తర్వాత ఆ తిట్టడమూ తగ్గింది. అలాంటి ఒక మధ్యాహ్నం దాత యాపిల్ పళ్ళతో ఆస్పత్రికి వచ్చాడట. ఏ మొహం పెట్టుకుని వచ్చాడో నాకు తెలీదు.

సారు పోయిన మూడోనాడు నాకు దాత ఫోన్ చేశాడు. తంజోంగ్ పగార్ కేంద్రంలోనే సంతాపసభ పెడుతున్నామనీ, శిష్యురాలిగా నేను మాట్లాడాలనీ అన్నాడు. రానని చెప్పబోతున్నాను. ఇంతలో అతను గొంతు తగ్గించాడు.

"చివరికి సారు ఒప్పుకున్నారమ్మా. ఆ ముక్క ఫోటో తీసుకెళ్తే దాని మీద చెయ్యి పెట్టి దీవించారు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నా దగ్గర ఫోటో ఉంది. ఆ ఒక్క మాట మీ నోట్లోంచి వస్తే అందరికీ శాంతి."

ఆ ఫోటో నాకు పంపమన్నాను. సభలో చూద్దురుగాని, అందరికీ సర్‌ప్రైజ్ అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను. అబద్ధమని కొట్టిపారేద్దామంటే నేను అక్కడ లేను. ముసలితనం, మంచం, మాట లేని నోరు. మనిషి అలిసిపోయి, సరే నాయనా, నీ మాటే కానీ అనుకుని ఉండొచ్చు. అలా అనుకున్నా తప్పుపట్టే హక్కు నాకెక్కడిది? కానీ ఆ ఒక్క "కాదు" మీదే ఆయన బతుకంతా నిలబడి ఉంది. చివరి రోజుల్లో దాన్ని కూడా లాగేసుకున్నారంటే, ఇక ఆయనవని చెప్పుకోవడానికి మిగిలేవి ఒక భూతద్దం, నాలుగు చొక్కాలు.

ఆంటీ దగ్గరికి వెళ్ళాను. అబద్ధమని ఆమె చెబుతారని ఆశ. ఆమెకూ తెలీదు. ఆ సమయంలో టీ తెచ్చుకోవడానికి కిందికి వెళ్ళారట. పైకి వచ్చేసరికి దాత సంచీ సర్దుకుంటున్నాడు, సారు కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి.

"ఆ ఒక్కదాని కోసమే కదమ్మా ఇంత పోగొట్టుకున్నాం," అన్నారు ఆంటీ. "చివర్లో అదీ ఇచ్చేశారంటావా?"

ఆమె ఆ మాట అంటుండగా నాకు సారు మీద కూడా కోపం వచ్చింది. ఒక్క మాట చెప్పకుండా, ఒక్క సైగ మిగల్చకుండా ఇలా ఎలా పోతారు? తెలీదాంటీ అన్నాను. నిజంగానే తెలీదు. సభకు మాత్రం ఇద్దరం వెళదామని అనుకున్నాం. ఏం మాట్లాడాలో నాకు ఆ హాల్లో అడుగుపెట్టేదాకా తెలీదు.

హాలు నిండా జనం ఉన్నారు. ఒక పక్క గాజుపెట్టెలో ఆ తోలుముక్క, మీద దీపం. వేదిక మీద గోడంత ఫ్లెక్సీ. పైన "మహాపండితుల ఆశీస్సులు" అని బంగారు రంగులో రాశారు. కింద ఆస్పత్రి మంచం, మంచం మీద మా సారు. పక్కన దాత వంగి, నవ్వుతూ, ముక్క ఫోటోను సారు ముందు పట్టుకుని ఉన్నాడు. సారు ఎడమచెయ్యి దాని మీద ఉంది.

నేను ఆ చేతినే చూశాను. అరచెయ్యి అక్షరాల మీద ఉంది. ఒక్క అక్షరం బయటికి కనపడట్లేదు. చూపుడువేలు మాత్రం విడిగా, ఎడమ అంచున, చిరుగు పొడవునా ఆని ఉంది. చిరుగు వంపు తిరిగిన చోట వేలు కూడా వంగి ఉంది.

పక్కన ఆంటీ చెయ్యి పట్టుకున్నాను. దీవించేవాడు చెయ్యి అలా పెట్టడు. పాఠం మొదలుపెట్టేవాడు పెడతాడు. తన కార్డును తలుపు దగ్గర ఆపేసినవాడికి, తన పేరు జనంలో చెడగొట్టినవాడికి, మాట పోయిన మనిషి, కదిలే ఒక్క చేత్తో, మళ్ళీ మొదటి నుంచి చెప్పడానికి చూశారు. చదవకు, ముందు చూడు అని. వాడు కెమెరా వంక చూశాడు. సారుకు కన్నీళ్ళు ఎందుకొచ్చాయో అప్పుడు అర్థమైంది.

నా వంతు వచ్చింది. ఆయన ఎంత గొప్పవారో నేను చెప్పలేదు. అరిటాకు సంగతి చెప్పాను. చిరిగిన ఆకులో పప్పు ఎలా వడ్డిస్తారో మన ఆడవాళ్ళకు తెలుసు కాబట్టి ముందు వాళ్ళే తలలు ఊపారు. ఆయన ప్రతి శనివారం ఫోటో మీద చెయ్యి ఎలా పెట్టేవారో నా చెయ్యి ఎత్తి చూపించాను. అరచెయ్యి ఎక్కడ, వేలు ఎక్కడ, అదంతా. ఆ తర్వాత అన్నాను:

"ఇప్పుడు వెనక్కి తిరిగి ఆ ఫ్లెక్సీ చూస్తాను. మీరూ చూడండి."

హాలంతా అటే చూసింది. దాత కూడా తిరిగి చూశాడు. అతను ఆ ఫోటోను గోడంత చేయించాడు కానీ అంతవరకు అందులో తన మొహం తప్ప ఏమీ చూసుకున్నట్టు లేదు. తేరుకుని మైకు అందుకున్నాడు. శిష్యురాలి ఆవేదన మనం అర్థం చేసుకోవాలి, ఎవరి భావాలు వాళ్ళవి, ఇక భోజనాలకు లేద్దాం అన్నాడు. చాలామంది లేచారు కూడా. వెనకబడతామని ముందే భోజనాల కుర్చీ మీద, ఇక్కడి అలవాటుగా, టిష్యూ ప్యాకెట్టు పెట్టి చోటు ఆపుకున్న మహానుభావులు వాళ్ళు. వాళ్ళ నుంచి నేనేమీ ఆశించలేదు.

ఆంటీ లేచింది భోజనానికి కాదు. మెల్లగా నడిచి గాజుపెట్టె దగ్గరికి వెళ్ళారు. పెళ్ళయిన దగ్గర నుంచి ఒక్క తోలు వంకా చూడని మనిషి. ఫ్లెక్సీ వంక ఒకసారి చూసి, అలాగే ఎడమచెయ్యి గాజు మీద పెట్టారు. చిరుగు పొడవునా వేలు ఆనించారు. తర్వాత చెయ్యి తీసి, కళ్ళజోడు సర్దుకుని, మొహం గాజుకు దగ్గరగా పెట్టి చూశారు.

"వంగిందమ్మా," అన్నారు నాతో. "అక్షరం వంగిపోయింది."

కేంద్రంలో పనిచేసే మనిషి ఒకరు గాజు తుడవడానికి గుడ్డ పట్టుకుని వచ్చారు. ఆంటీ కళ్ళు తుడుచుకోవడం చూసి అక్కడే ఆగిపోయారు. మేం బయల్దేరేటప్పటికి కూడా ఆంటీ అరచేతి ముద్ర ఆ గాజు మీద, అక్షరాలకు అడ్డంగా, అలాగే ఉంది.